పిల్లలు మన ఊరివాళ్లు, లెక్క మాత్రం పరాయి ఊరికి



ఈ వారం ధ్యానం కాస్త ఘాటుగా ఉంటుంది. చివరిదాకా ఓపికతో చదవమని మనవి.

సంగతి మీలో చాలామందికి తెలుసు. మన సంఘానికీ పక్క రెండు పల్లెల సంఘాలకూ కలిపి ఒక సంస్థ యువజన కార్యక్రమం పేరిట గ్రాంటు ఇస్తామని వచ్చింది. సాయంత్రం ట్యూషన్లు, ఆడపిల్లలకు కుట్టు శిక్షణ, మగపిల్లలకు వాలీబాల్ సామాను, వేసవిలో వి.బి.ఎస్. ఖర్చు. అన్నీ మంచి పనులే. ఫారాలు వచ్చాయి, పెద్దలు సంతకాలు పెట్టాలి. ఆ ఫారాలు మొదటి నుండి చివరిదాకా చదివి, సంఘమంతా కూర్చుని మాట్లాడుకునే వరకు సంతకం ఆపమని మేము పెద్దలను కోరాము. అంతే, రెండు రోజుల్లో ఊరంతా పాకింది. "నోటికాడికొచ్చిన కూడు అయ్యగారు కాలదన్నుతున్నారు" అన్నారు. "ఆయన పిల్లలు చదువుకున్నారు, మన పిల్లల సంగతి ఆయనకెందుకు" అని కూడా అన్నారట. అన్నవారిమీద మాకు కోపం లేదు. బిడ్డ గురించి ఆరాటపడే తల్లి ఎంత మాటైనా అంటుంది.

కానీ మా మాట సూటిగా వినండి. గ్రాంటు తీసుకోవడం పాపమని మేము ఎన్నడూ చెప్పలేదు. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియ సంఘాలు చందా పోగుచేశాయి. బయటినుండి వచ్చే సహాయం దేవుని సంఘానికి కొత్త కాదు. మా పేచీ వేరే చోట ఉంది. ఎవరి బిడ్డల పేరు చెప్పి డబ్బు వస్తున్నదో వాళ్లకు తప్ప మిగతా లోకమంతటికీ ఆ డబ్బు లెక్క చెబుతున్నాము. పేచీ అక్కడే.

ఫారాలు చూడండి. మూడు నెలలకొకసారి దాతకు నివేదిక పంపాలి. ప్రతి కార్యక్రమానికీ ఫొటోలు పంపాలి, అందులో పిల్లల ముఖాలు స్పష్టంగా కనబడాలి. ఏడాది చివర ఆడిటరు సంతకంతో వినియోగ పత్రం ఇవ్వాలి. వచ్చి చూసేవారికి బస, భోజనం ఏర్పాటు చెయ్యాలి. అన్నీ వివరంగా ఉన్నాయి. ఊళ్లో తల్లిదండ్రులకు ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది అని చదివి వినిపించాలన్న మాట మాత్రం ఒక్క పంక్తిలో లేదు. మరచిపోయి ఉంటారు అనుకుని అడిగించాము. "అది మీ లోకల్ విషయం" అన్నారు.

చట్టం సంగతి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే "గవర్నమెంటే చూసుకుంటుంది కదా" అని ఒక పెద్దాయన అన్నారు. నిజమే, చూసుకుంటుంది. విదేశీ విరాళాల చట్టం 2010లో వచ్చింది, 2020లో దాన్ని ఇంకా బిగించారు. పరాయి దేశం నుండి వచ్చే ప్రతి రూపాయి ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. ఆఫీసు ఖర్చులకు ఇదివరకు సగం దాకా వాడుకోనిచ్చేవారు, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. ఒక సంస్థ పుచ్చుకున్న విదేశీ విరాళం ఇంకో సంస్థకు మళ్లించకూడదు. ఏటా డిసెంబరు 31లోగా రిటర్ను వెయ్యాలి. మన దేశపు కంపెనీల డబ్బయితే 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. (ఇక్కడ ఒక్క మాట. అది చట్టం పెట్టిన బాధ్యత. బకాయి తీర్చేవాడి ముందు మన పసిపిల్లల్ని ఎండలో చేతులు జోడించి నిలబెట్టి, పెద్ద అట్టమీద రాసిన చెక్కుతో ఫొటో దిగడం మాకు ఏనాడూ నచ్చలేదు.) ఈ చట్టాల్లో కొన్నిటిమీద మాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇంకో రోజు చెప్పుకుందాం. ఇవాళ్టికి చూడవలసింది ఇది: ఢిల్లీకి లెక్క వెళ్తుంది, దాతకు లెక్క వెళ్తుంది, ఆడిటరుకు లెక్క వెళ్తుంది. మన పల్లెకు ఫ్లెక్సీ వస్తుంది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మన పెద్దలందరికీ బాగా తెలుసు, కానీ పరిచారకులను ప్రతిష్ఠించే రోజు తప్ప దాన్ని బయటికి తియ్యము. సంగతేమిటి? అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగారు. అంటే రేషను దగ్గర తేడా జరుగుతున్నదని. అప్పుడు పన్నెండుమంది అపొస్తలులు ఏం చేశారు? సణగవద్దు, ప్రార్థన చెయ్యండి అనలేదు. పైవాళ్లకు రిపోర్టు పంపించాం కదా అనలేదు. శిష్యులందరినీ పిలిచి, మీలోనుండి ఏడుగురిని మీరే ఎంచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు ఒకసారి చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందని అన్న వైపు మనుషుల చేతికే సంచి అప్పగించారు! మన పల్లెల్లో జరిగేదేమిటి? గ్రాంటు గురించి ఒక ముసలమ్మ గట్టిగా అడిగితే, "ఆమెకు ఆత్మీయత తక్కువ" అంటాము.

"అయ్యగారూ, మనవాళ్లలో చదువురానివాళ్లు ఎక్కువ. లెక్కలు చదివితే ఏం అర్థమవుతాయి?" అని అడిగారు ఒకరు. ఈ ప్రశ్న వింటే మాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టంలో 17వ సెక్షను గ్రామసభకు సామాజిక తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రం దాన్ని కాగితంమీద వదిలెయ్యక, 2009లో తనిఖీ కోసమే వేరే సొసైటీ పెట్టింది. మస్టరు రోలు కాపీలు చేతబట్టుకుని గడపగడపకూ తిరిగి, "అమ్మా, నువ్వు ఈ వారం ఆరు రోజులు పనికి వెళ్లినట్టు రాసి ఉంది, వెళ్లావా? ఇంత కూలి ముట్టిందా?" అని అడిగేవారు. తరువాత మండల కేంద్రంలో ప్రజా వేదిక పెట్టి అధికారుల ఎదుటే చదివేవారు. వేలిముద్ర వేసే తల్లి లేచి నిలబడి "ఆ వారం నేను పుట్టింట్లో ఉన్నా, ఆ పేరెవరు రాశారు?" అంటే సమాధానం చెప్పాల్సింది చదువుకున్న ఉద్యోగి. ఇంకో సంగతి గమనించండి. ఊళ్లలో ఆ తనిఖీ చేసినవాళ్లు ఎవరు? కూలి ఇళ్లలో పుట్టి నాలుగక్షరాలు నేర్చుకున్న యువతీయువకులే. మట్టిపనికి వచ్చిన కూలి డబ్బు లెక్క పదిమందిలో చదవవచ్చు గానీ, దేవుని పేరుమీద వచ్చిన డబ్బు లెక్క చదవకూడదా? ప్రభుత్వానికున్న సిగ్గు సంఘానికి లేకపోతే మనం ఏ ముఖం పెట్టుకుని సువార్త చెబుతాము?

డ్వాక్రా అక్కలను అడగండి, పోనీ. ప్రతి సమావేశంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత అని పుస్తకం తెరిచి చదివితేగాని వాళ్లు కదలరు. ఆదివారం మన మందిరంలో చాపమీద కూర్చునేది ఆ అక్కలే.

ఇక కొందరు సేవకులు వాక్యమే తెచ్చి మా ముందు పెట్టారు. 2 రాజులు 12వ అధ్యాయం 15వ వచనం. మందిరం పని చేయించేవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని అక్కడ ఉంది. "చూశారా, నమ్మకస్థుణ్ణి లెక్క అడగకూడదు" అంటారు. అయ్యా, ఆ అధ్యాయం 15వ వచనంతో మొదలవుతుందా? పైనుండి చదవండి. రాజైన యోవాషు మందిరం మరమ్మతుకని వచ్చిన సొమ్మును యాజకుల చేతికి అప్పగించాడు. ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చింది, పగుళ్లు పగుళ్లుగానే ఉన్నాయి. అప్పుడు రాజు యాజకులను పిలిపించి, ఇక మీరు ఆ డబ్బు ముట్టవద్దన్నాడు. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజుగారి లెక్కల మనిషీ ప్రధాన యాజకుడూ ఇద్దరూ కలిసి వచ్చి లెక్కించేవారు. ఒకరు రాజు తరఫు, ఒకరు మందిరం తరఫు. ఇంత జరిగాక, తూచి ఇచ్చిన డబ్బు వడ్రంగులకూ తాపీపనివారికీ చేరింది. లెక్క అడగని నమ్మకస్థులు ఆ పనివారికి డబ్బు పంచి పని చేయించినవారు. లెక్క అడిగించుకున్నది మాత్రం యాజకులు. ఈ వచనాన్ని సేవకులు తమ పక్షాన వాడుకోవడం దొంగకు తాళం చెవి దొరికినట్టుంది.

పౌలుగారి సంగతి చెప్పనే అక్కరలేదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో ఆయన చందా గురించి ఎంత జాగ్రత్తపడ్డాడో చూడండి. తీతును పంపాడు, తీతుతోబాటు ఇంకో సహోదరుణ్ణి పంపాడు. ఆ సహోదరుణ్ణి పౌలు ఎంచలేదు, సంఘాలు ఎంచాయి. మూడో మనిషిని కూడా పంపాడు. ఎందుకు? ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమమీద నింద మోపకుండా ఉండాలని. ప్రభువుకు తెలిస్తే చాలదు, మనుషుల ఎదుట కూడా అది సరిగా కనబడాలని ఆయన ఉద్దేశం. మూడో ఆకాశం దాకా వెళ్లివచ్చిన మనిషి తన ఒక్కడి చేతిమీద చందా నడిపించలేదు. మరి మనకు రసీదు పుస్తకం అడిగితేనే అవమానం.

"కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే అన్నాడు" అని ఇంకొక సహోదరుడు వాట్సాప్‌లో పెట్టాడు. మత్తయి 6వ అధ్యాయం ఇచ్చేవాడి అహంకారానికి చెప్పిన మందు. తన దానం గురించి తాను బాకా ఊదించుకోవద్దని. పుచ్చుకున్నవాడు సొమ్ము దాచుకోవడానికి చెప్పింది కాదు అది. విచిత్రమేమిటంటే ఈ వాక్యం చెప్పేవారే రోడ్డు మొగదల పది అడుగుల ఫ్లెక్సీ కట్టిస్తారు. దాత ఫొటో ఎంత, పిల్లల ఫొటోలు ఎంత, మధ్యలో సేవకుని ఫొటో ఎంత! బాకా ఊదాల్సినంత ఊది, లెక్క దగ్గరకొచ్చేసరికి ఎడమచెయ్యి గుర్తుకొస్తుంది.

ఫారంలో ఇంకో గడి ఉంది, మమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టింది అదే. ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ. పేరు, వయసు, తరగతి, ఫొటో. కింద "ఈ బిడ్డ ఇంట్లో పడుతున్న కష్టాలు వివరంగా రాయండి" అని ఖాళీ జాగా. ఎక్కువ జాగా ఇచ్చింది దానికే. ట్యూషన్ చెప్పడానికి బిడ్డ ఇంటి గుట్టు ఎందుకు? కుట్టుమిషను మీద కూర్చోవడానికి ఆ పిల్ల తండ్రి తాగుతాడా లేదా అన్నది ఎందుకు?

ఎందుకో మేము చూసి ఉన్నాము. రెండేళ్ల కిందట వేరే పల్లె నుండి డిగ్రీ చదివే ఒక అబ్బాయి మా దగ్గరకు వచ్చాడు. ఊరు పేరు, అబ్బాయి పేరు చెప్పము. ఫోను తీసి ఒక పాత కరపత్రం చూపించాడు. అందులో తొమ్మిదేళ్ల వయసులో ఉన్న తన ఫొటో, చొక్కాకు గుండీలు లేకుండా. కింద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. తండ్రి తాగుబోతు, ఇల్లు పట్టించుకోడు, ఈ బిడ్డ ఆకలితో పడుకుంటాడు అని. ఆ తండ్రి చీమకుర్తి క్వారీల్లో రాతిదుమ్ము మింగి మింగి దగ్గుతో మంచం పట్టి చనిపోయినవాడు. బొట్టు ముట్టి ఎరగడు. "అయ్యగారూ, మా నాన్న గురించి ఇట్లా ఎవరు రాశారు?" అని ఆ అబ్బాయి అడిగాడు. రాసినవాడు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నాడో. రాసేటప్పుడు ఆ తల్లికి చదివి వినిపించి ఉంటే, ఆమె చెయ్యి పట్టుకుని కొట్టివేయించేది. ఇంగ్లీషు రాదు కాబట్టి వినిపించలేదు. వినిపించలేదు కాబట్టి చచ్చిపోయిన మనిషి ఇంకా పరాయి దేశాల్లో తాగుతూనే ఉన్నాడు. డబ్బు లెక్క దాచే చోట మనిషి కథ కూడా ఇలాగే మారుతుంది, ఎందుకంటే రెండూ చూసేవాడు దూరంగా ఉన్నాడు, దగ్గరివాడికి చూపించే పని లేదు.

మన ప్రాంతపు సంఘాల పుట్టుక ఎలా జరిగిందో గుర్తుచేసుకోండి. 1876 నుండి 78 దాకా డొక్కల కరువు తర్వాత అంతటి కరువు మన జిల్లాలను కాల్చింది. ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు అప్పుడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టారు. కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు గనుక కొలతలు ఆయనకు తెలుసు. ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చారు, తవ్విన మట్టికి కూలి ఇచ్చారు. కూలి తీసుకున్నవాడికి తనకెంత రావాలో తెలుసు, ఎంత వచ్చిందో తెలుసు. ఇంకా పెద్ద సంగతి, ఆ కరువు సహాయం నడిచిన ఏడాదికి పైగా కాలం ఆయన బాప్తిస్మములు ఆపేశారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని. అమెరికాలో చందాలు ఇచ్చేవారికి చెప్పుకోవడానికి బాప్తిస్మాల సంఖ్య కన్నా తియ్యని వార్త ఏముంటుంది? ఆ సంఖ్యనే ఆయన ఆపుకున్నారు. సహాయం ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన తాతముత్తాతలలో కొందరు ఆ నీళ్లలో దిగినవారే. ఆ ఆకలి రోజుల్లో వాళ్ల దీనత్వాన్ని అమ్మకానికి పెట్టనివారి వల్ల పుట్టిన సంఘం మనది. ఆ మునిమనవల ఇంటి కష్టాలు గడిలో నింపి పంపమంటే మా చెయ్యి ఆడదు.

లెక్క చెప్పే అలవాటు లేనిచోట అడిగే అలవాటూ ఉండదు. ఈ కార్యక్రమం యువకుల కోసమంటున్నారు, మన యువకులను ఎవరైనా అడిగారా? పోయిన శుక్రవారం యూత్ మీటింగ్ అయ్యాక మేము అడిగాము. వాలీబాల్ వాళ్ల దగ్గర ఉంది, సాయంత్రం ఆడుతూనే ఉన్నారు. వాళ్లు చెప్పింది వేరు. కానిస్టేబులు పరీక్షకూ డీఎస్సీకీ చదివేవాళ్లకు రాత్రి పదిదాకా కరెంటు, ఫ్యాను ఉన్న ఒక గది కావాలి, ఎందుకంటే ఒక్క గది ఇంట్లో టీవీ పెడితే చదువు సాగదు. ఆడపిల్లలు ఒంగోలులో కోచింగుకు వెళ్లాలంటే బస్సు ఛార్జీ కావాలి, దిగాక చీకట్లో ఊళ్లోకి తీసుకొచ్చే తోడు కావాలి. ఒక అమ్మాయి అన్నది, "కుట్టుమిషన్లు ఇదివరకు రెండుసార్లు వచ్చాయి అయ్యగారూ, అవి ఎవరింట్లో ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు" అని. మేము మాట్లాడలేకపోయాము. గది, ఛార్జీ, తోడు, ఈ మూడూ ఫొటోలో పడవు. ఖాళీ గదిలో పుస్తకం ముందు వంగి కూర్చున్న పిల్ల వీపు ఫొటో ఏ దాతకు ఆనుతుంది?

"ఇన్ని షరతులు పెడితే దాత వేరే ఊరికి పోతాడు." అవును, పోవచ్చు. ఆ నష్టం చిన్నదని మేము అనము, ట్యూషన్ లేక తప్పే పిల్లవాడు మన పిల్లవాడే. కానీ షరతులు పెట్టకపోతే ఉంటాడా? 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని మూసుకుంది. ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలన్నది, డబ్బు రావడం ఆగింది. అప్పటికి వారి దగ్గర లక్షా నలభై వేలకు పైగా పిల్లలు నమోదై ఉన్నారు. తప్పు ఎవరిదన్న వాదన మాకు ఇక్కడ వద్దు. ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య తెగిన మాట అది, పల్లెలో తల్లికి అందులో పాలు లేదు, మాట లేదు. లెక్క తెలిసిన ఊరయితే, ఇంత ఆగింది, ఇందులో ఇంత మనం పూడ్చుకోగలం అని కూర్చుని తేల్చుకుంటుంది. లెక్క తెలియని ఊరు ఆకాశంకేసి చూస్తుంది.

పూడ్చుకోవడం మనకు చేతకానిదా? మన అమ్మలు రోజూ అన్నం ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేస్తారు. మిజోరం తల్లులు 1910 నుండి ఇదే పిడికెడుతో తమ సంఘాలను నిలబెట్టుకున్నారు. 1912లో దోర్నకల్‌కు మొదటి బిషప్పుగా వచ్చిన వి.యస్. అజరయ్యగారు అంతకు ముందే, 1903లో, తిరునెల్వేలిలో తన తోటివారితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. డబ్బూ మనదే, పనివారూ మనవారే ఉండాలన్నది వారి నియమం. ఆ పిడికెడు బియ్యం మన సంఘంలో ఎలా లెక్కవుతుందో చూడండి. నెలాఖరున అందరి ఎదుట మానికతో కొలుస్తారు, అక్కడే వేలం పాడతారు, అక్కడే పుస్తకంలో రాస్తారు. కోతకాల పండుగలో గుమ్మడికాయ దగ్గరనుండి కోడిపుంజు దాకా ఎంతకు పోయిందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. బీదవాళ్ల బియ్యానికి మానిక ఉంది. లక్షల గ్రాంటుకు కవరు!

కాబట్టి పెద్దలకు మేము చెప్పింది ఇది. సంస్థవారికి ఉత్తరం రాద్దాం, మర్యాదగా రాద్దాం. గ్రాంటు మొత్తం, దాని పద్దులు తెలుగులో రాసి మందిరం తలుపుమీద అంటించడానికి ఒప్పుకోవాలి. మూడు నెలలకొకసారి వాళ్లకు పంపే నివేదికను పంపే ముందు సంఘంలో తెలుగులో చదవనివ్వాలి, అభ్యంతరం వచ్చిన వాక్యం కొట్టివేయాలి. కష్టాల గడి మనం నింపము. ఫొటోలు సరే, తల్లి చూసి సరేనన్నవి మాత్రమే, కథలు లేకుండా. ఖర్చు చూసేందుకు అయిదుగురు ఉంటారు, అందులో ముగ్గురు పిల్లల తల్లులు, ఇద్దరు ఇరవై అయిదేళ్లలోపువాళ్లు. పాస్టరుగాని, పాస్టరు ఇంటివారుగాని అందులో ఉండరు. కుట్టుమిషన్లకు బదులు చదువుకునే గది ఇస్తారా అని కూడా అడుగుదాం. ఒప్పుకుంటే ఆ రోజే సంతకాలు, మేము ముందు నిలబడి ప్రార్థన చేసి పుచ్చుకుంటాము. ఒప్పుకోకపోతే గది సంగతి మనం చూసుకోవాలి. మందిరం వెనక వంటపాక గోడలు బాగానే ఉన్నాయి, పైకప్పు రేకులూ ఒక మీటరూ కావాలి. ఎంతవుతుందో మేస్త్రీ ఈ శనివారం చూసి చెబుతానన్నాడు. దూరాన ఉన్న మన పిల్లలు ఇది చదువుతున్నారు గనుక ఈ మాట ఇక్కడ రాశాము.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ వెళ్లిపోవద్దు. ఫారంలోని ప్రతి పేజీ తెలుగులో చదువుతాము. చదివేది మేము కాదు, డిగ్రీ చదివే మన ఆడపిల్లలు ఇద్దరు ఒప్పుకున్నారు. క్వారీ డ్యూటీకి వెళ్లేవారి కోసం అదే రోజు సాయంత్రం 7 గంటలకు మళ్లీ చదువుతారు. కోపంగా ఉన్నవారు తప్పకుండా రావాలి. పాత కుట్టుమిషన్లు ఎవరింట్లో ఉన్నాయో వారు కూడా రావాలి, వీలైతే వాటిని తెచ్చుకుని.